సంతకం తీసుకునే చేతికి రక్షణ ఏది?

బి.ఫార్మసీ, నర్సింగ్, లాబ్ టెక్నీషియన్ కోర్సులు పూర్తి చేసిన మన యువతీయువకులకు హైదరాబాద్‌లో తొలి ఉద్యోగం దొరికే చోట్లలో క్లినికల్ రీసెర్చ్ సంస్థలు కూడా ఉన్నాయి. నియామక పత్రం చేతికొచ్చిన రోజు ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. ఆ సంతోషం న్యాయమైనదే. అయితే అక్కడ మన బిడ్డ చేత ఏ పని చేయిస్తున్నారు, ఏ కాగితాల మీద సంతకాలు పెట్టిస్తున్నారు అని అడిగే తల్లిదండ్రులు అరుదు. ఈ ప్రశ్న అడగవలసిన సమయం వచ్చింది.

పేటెంటు గడువు తీరిన మందును మరో కంపెనీ తయారు చేసినప్పుడు, అది మూల ఔషధంతో సమానంగా రక్తంలో కలుస్తున్నదని నిరూపించాలి. అందుకోసం ఆరోగ్యవంతులైన వాలంటీర్లను పరీక్షా కేంద్రంలో ఉంచి, మందు ఇచ్చి, నిర్ణీత సమయాలలో పలుమార్లు రక్తం తీస్తారు. రాత్రి రెండు గంటలకు తీయవలసిన నమూనా ఆలస్యమైతే, ఆలస్యమైందనే రాయాలి. వాలంటీరుకు వాంతి అయితే, అయిందనే రాయాలి. జరిగింది జరిగినట్టు, జరిగిన వెంటనే నమోదు చేయడమే ఈ ఉద్యోగపు ప్రాణం. కానీ చాలీచాలని సిబ్బంది, వరుస రాత్రి డ్యూటీలు, తరుముకొచ్చే గడువులు ఉన్నచోట ‘తర్వాత రాసుకోవచ్చులే’ అన్న పై అధికారి మాటతోనే తప్పు మొదలవుతుంది.

ఆ తప్పు ఎంత దూరం పోగలదో మన నగరమే చూసింది. 2014లో ఫ్రాన్స్ ఔషధ నియంత్రణాధికారులు హైదరాబాద్‌లోని ఒక పరిశోధనా కేంద్రాన్ని తనిఖీ చేసి, ఈసీజీ రికార్డులలో తారుమారు జరిగిందని తేల్చారు. అది కనీసం ఐదేళ్లపాటు సాగినట్టు కనిపిస్తున్నదని చెబుతూ, 2015 జనవరిలో ఐరోపా ఔషధ సంస్థ దాదాపు 700 మందుల అనుమతులను నిలిపివేయాలని సిఫారసు చేసింది. ఆ నిర్ణయం మీద భారత ప్రభుత్వం సైతం అభ్యంతరం తెలిపింది. ఆ వివాదం అలా ఉంచి, మనం ఆలోచించవలసింది మరొకటి. ఇటువంటి తప్పు తన కళ్లముందే జరిగితే ఒక చిన్న ఉద్యోగి ఎవరికి చెప్పుకోవాలి?

రాన్‌బాక్సీ కంపెనీలో సమాచారాన్ని తారుమారు చేస్తున్న సంగతిని దినేష్ ఠాకూర్ అమెరికా అధికారుల దృష్టికి తీసుకువెళ్లారు. 2013లో ఆ కంపెనీ అమెరికా విభాగం నేరాన్ని అంగీకరించగా, 50 కోట్ల డాలర్ల చెల్లింపుతో కేసు ముగిసింది. ఠాకూర్‌కు అండగా నిలిచింది అమెరికా చట్టం. మన దేశంలో 2014లో విజిల్ బ్లోయర్స్ రక్షణ చట్టం చేశారే గాని అమలులోకి తేలేదు. తెచ్చినా అది ప్రభుత్వ సేవకుల అక్రమాలకు సంబంధించినదే. కంపెనీల చట్టం ప్రకారం లిస్టెడ్ కంపెనీలలో ఫిర్యాదు యంత్రాంగం ఉండాలి. కాని ఆ ఫిర్యాదును విచారించేది కూడా కంపెనీయే.

ఇది ఉద్యోగుల సమస్య మాత్రమే కాదు. బల్లకు ఆవలి వైపు కూర్చున్నది పేదరికం. ఏ మందు ఇస్తున్నారో చెప్పకుండా, డబ్బు ఆశ చూపి తమపై ప్రయోగాలు చేశారని 2011లో పిడుగురాళ్ల మహిళలు వాపోయారు. 2019 నాటి నూతన ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమావళి ప్రకారం సమ్మతి పత్రం వాలంటీరుకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదువు రానివారికి నిష్పాక్షిక సాక్షి ఉండాలి. తీవ్రమైన హాని జరిగితే 24 గంటలలో తెలియజేయాలి. ఈ నియమాలు కాగితం దాటి ఆచరణలోకి వచ్చేది సంతకం తీసుకునే ఆ చిన్న ఉద్యోగి చేతి మీదుగానే. అతని నోరు నొక్కితే వాలంటీరుకున్న చివరి రక్షణ కూడా పోయినట్టే.

‘రాక రాక వచ్చిన ఉద్యోగాలు, వాటి మీద విమర్శలెందుకు?’ అని కొందరు పెద్దలు అనవచ్చు. చవక మందులు పేదవాడికి అందుతున్నాయంటే ఈ పరిశోధనల పుణ్యం కూడా ఉంది, నిజమే. అందుకే అవి నిజాయితీగా సాగాలి. పైగా తప్పు బయటపడిన రోజున ముందుగా వేటు పడేది సంతకం పెట్టిన చిన్న ఉద్యోగి మీదనే. ‘ఇది పోతే మనకు మళ్లీ ఎవరిస్తారు?’ అన్న భయం మన పిల్లల్లో మరింత ఎక్కువ. ఉద్యోగాలలో సమానావకాశం గురించి చెప్పే రాజ్యాంగంలోని 16వ అధికరణ ప్రభుత్వ కొలువులకే పరిమితం.

కాబట్టి మన సంఘాలు, సంస్థలు రెండు డిమాండ్లను గట్టిగా వినిపించాలి. ప్రైవేటు పరిశోధనా సంస్థల సిబ్బందికీ వర్తించే రక్షణ చట్టం రావాలి. ఉద్యోగి తన పేరు బయటపడకుండా ఎథిక్స్ కమిటీకీ, ఔషధ నియంత్రణాధికారికీ నేరుగా ఫిర్యాదు చేసే మార్గం ఉండాలి. ఇక ఇంటి పెద్దలు చేయగలిగింది ఒకటుంది. బిడ్డ డ్యూటీ నుంచి వచ్చినప్పుడు జీతం గురించి అడిగినట్టే, పని గురించి కూడా అడగండి. తాను చూడనిదానికి సంతకం పెట్టనని వాడు చెబితే, ఉద్యోగం పోతుందేమోనని వాణ్ణి మందలించకండి. వాడి వెంట నిలబడండి.