విద్యార్థి విలేకరి చేతిలో కెమెరా

మా కళాశాల వార్షిక సంచికకు రెండు ముఖద్వారాలున్నవి. కుడివైపు నుండి తెరచినవారికి ఉర్దూ విభాగం, ఎడమవైపు నుండి తెరచినవారికి తెలుగు విభాగం ఎదురవుతుంది. ఒక్క వైపు మాత్రమే చదివి సంచిక అంతా చదివితిమనుకొనుట పొరపాటు. ఈ చిన్న సంగతి నేడు ప్రతి విద్యార్థి విలేకరి జ్ఞాపకం ఉంచుకొనదగినదని మేము భావిస్తున్నాము.

విద్యార్థి లోకం చేతికి నేడు కొత్త సాధనం వచ్చినది. చిత్రీకరణ, కూర్పు, ప్రచురణ మూడూ ఒక్క సెల్‌ఫోనులోనే ఇమిడి ఉన్నవి. పూర్వం విద్యార్థి వ్రాసిన వ్యాసం అధ్యాపకుని బల్ల మీదికి, అక్కడినుండి అచ్చాఫీసుకు వెళ్ళి, ప్రూఫులు దిద్దుకొని, నెలల తరువాత పాఠకుని చేరేది. నేడు తీసిన దృశ్యం నిమిషాలలో యూట్యూబులోను, ఇన్‌స్టాగ్రాములోను, వాట్సాపులోను వేల కన్నుల ముందు నిలుస్తున్నది. నడుమ దిద్దే చేయి తప్పుకొన్నది. ఆ బాధ్యత కూడ విద్యార్థి భుజం మీదనే పడినది. కెమెరా పట్టడం ఒక పూటలో అలవడే విద్య. కత్తెర పట్టడం అట్లు కాదు. ఈ సత్యాన్ని మేము మా పొరపాటు వలననే తెలిసికొన్నాము.

గత విద్యాసంవత్సరంలో మేము కొందరం కలసి హైదరాబాదు ఛత్తా బజారుకు వెళ్ళినాము. ఉర్దూ చేవ్రాతకు, పెండ్లి పత్రికల ముద్రణకు పేరుపొందిన వీథి అది. అక్కడ ఒక వృద్ధ కాతిబు సాహెబు మాతో గంటకు పైగా మాటలాడినారు. కంప్యూటరు వచ్చిన పిదప పత్రికాఫీసులలో కాతిబుల కొలువులు పోయిన తీరును చెప్పినారు. ఆ తరువాత, సాయంకాలం వేళ తమ వద్ద కలం పట్టడం నేర్చుకొనే పిల్లలను గురించి, వారిలో ఆడపిల్లలే ఎక్కువని ఎంతో ఉత్సాహంతో చెప్పినారు. ఒక నిమిషం రీలులో ఇదంతా ఇమడదని మేము మొదటి భాగాన్ని మాత్రమే ఉంచి, దానికి విషాద సంగీతం జోడించినాము. చూచినవారు వేలకొలది, జాలిపడినవారు వందలకొలది. మా సంతోషానికి మేర లేదు. మరునాడు ఆ వీడియోను వారికే చూపినాము. వారు చివరివరకు చూచి, "బేటా, నేను బ్రతికి ఉండగానే నా జనాజా లేపినారే!" అన్నారు. మేము తల ఎత్తలేకపోయినాము. మా వీడియోలో ఒక్క మాటైనను కల్పితం కాదు. అయినను మేము చెప్పిన కథ అబద్ధమే.

ఇది చిన్న తప్పేనని కొందరు అనవచ్చును. కాని కోసివేసిన దృశ్యం ఎంత దూరం పోగలదో 2018 సంవత్సరం మన దేశానికి చూపినది. పిల్లల భద్రతను గురించి హెచ్చరించడానికి కరాచీలో ఒక లఘుచిత్రం తీసినారు. మోటారు సైకిలు మీద ఇద్దరు వచ్చి, వీథిలో ఆడుకొనే బాలుని ఎత్తుకొని పోతారు; వెంటనే తిరిగివచ్చి బాలుని దించి, జాగ్రత్త పడవలసినదిగా వ్రాసిన ఫలకం చూపుతారు. ఆ చివరి దృశ్యాన్ని ఎవరో కత్తిరించినారు. హితబోధ చేయవలసిన చిత్రం, పిల్లలనెత్తుకొనిపోయే ముఠాలు తిరుగుచున్నవనడానికి సాక్ష్యంగా భారతదేశమంతటా వాట్సాపులో ప్రాకినది.

ఇటువంటి వదంతులు చెలరేగిన ఆ రోజులలోనే, జులై 13న, హైదరాబాదు నుండి బీదరు జిల్లాకు వెళ్ళిన ఒక మిత్రబృందం దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచినది. అనుమానించినవారు తీసిన దృశ్యాలు వారి కారు కంటె ముందుగా పక్క ఊరు చేరినవి. ముర్కి గ్రామం వద్ద జనం దారి కాచి, కొట్టినారు. మన నగరపు యువ ఇంజనీరు ఒకరు ప్రాణాలు కోల్పోయినారు. ఆ నెలలోనే వాట్సాపు సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదింటికి మించి పంపరాదని పరిమితి విధించినది. పంపే సంఖ్యను సంస్థ తగ్గించగలదు. పంపే ముందు ఆలోచించే బుద్ధిని మనమే పెంచుకొనవలెను.

అయితే ఫోనునే నిషేధించరాదా అని పెద్దలు కొందరు ప్రశ్నిస్తున్నారు. వారి ఆవేదన మాకు తెలియనిది కాదు. కాని దానితో మేము ఏకీభవించలేము. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలకు చెందిన దళిత మహిళలు కెమెరా పట్టి రెండు దశాబ్దాలు దాటినది. వారిలో అనేకులు బడి ముఖం చూడని సన్నకారు రైతులు. వరంగల్లు ప్రాంతపు రైతుల వద్దకు వరుసగా మూడేండ్లు వెళ్ళి, బీటీ పత్తి సాగులోని కష్టనష్టాలను చిత్రించినారు. మనిషి కంటికి సమానమైన ఎత్తున కెమెరా నిలిపి తీసే దృశ్యానికి వారు పెట్టుకొన్న పేరు "సంఘం షాటు". సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు గనుక ఆ పేరు. మేము ఆ కాతిబు సాహెబును జాలి అనే మిద్దె మీదినుండి చూచినాము. ఆ తల్లులైతే ఆయన ఎదుట చాప మీద కూర్చుండి చూచేవారు.

కావున కళాశాల కమిటీ వారికి మేము వినయపూర్వకంగా చేయు మనవి యిది. సంచిక సంపాదకవర్గంలో వీడియో శాఖ నొకదానిని నెలకొల్పవలెను. ఉర్దూ, తెలుగు అధ్యాపకులు ఒక్కొక్కరు దానికి మార్గదర్శకులు కావలెను. ఒకే దృశ్యం క్రింద రెండు భాషలలో రెండు అర్థాలు వ్రాయకుండ అదియే కాపు. తీసిన చోటు, తేదీ తెరమీద కనబడవలెను. ఎవరిని చిత్రించితిమో వారు చూచి సమ్మతించిన పిదపనే ప్రకటించవలెను. ముఖ్యంగా విద్యార్థినుల విషయంలో ఈ నియమానికి మినహాయింపు ఉండరాదు. కోయని అసలు ప్రతిని కనీసం ఒక సంవత్సరం భద్రపరచవలెను. పొరపాటు జరిగినచో, ఆ పొరపాటు వెలువడినచోటనే దిద్దుబాటు కూడ వెలువడవలెను.

సోదర విద్యార్థులారా! మేము ఆ రీలును తొలగించి, ఐదు నిమిషాల వీడియోను మరల కూర్చినాము. చూచినవారు మునుపటిలో పదవ వంతైనను లేరు. కాని కాతిబు సాహెబు తమ శిష్యురాండ్రందరినీ చుట్టూ కూర్చుండబెట్టుకొని దానిని రెండుసార్లు చూచినారట. మాకు ఆ లెక్క చాలును.