ఎండు తెగులు: ఆలస్యంగా అందుతున్న సలహా

టమాట, వంగ పైర్లలో బాక్టీరియా ఎండు తెగులుపై రైతుకు అందే సలహా తరచుగా మొక్క వడలిన తరువాతనే మొదలవుతున్నది. తెగులు కారకమైన రాల్‌స్టోనియా సొలనేసియారమ్ స్వభావాన్ని బట్టి చూస్తే అది ఆలస్యమే.

ఈ బాక్టీరియా తన సంఖ్యను తానే గ్రహిస్తుంది. ప్రతి కణమూ ఒక ఎస్టర్‌ను సంకేతంగా విడుదల చేస్తుంది. వేరులో ప్రవేశించే దశలో కణాలు కొద్ది; అప్పుడు చలనానికి, ఆహార సేకరణకే ప్రాధాన్యం. దారునాళాల్లో మి.లీ.కు సుమారు కోటి కణాలు చేరగానే సంకేతం హద్దు దాటి, పిహెచ్‌సి-ఎ అనే నియంత్రకం క్రియాశీలమవుతుంది. జిగురు పాలిశాకరైడ్ ఉత్పత్తి హెచ్చి నాళాలు పూడుకుపోతాయి. కోసిన కాండాన్ని నీటిలో ఉంచినపుడు దిగే పాలధార ఆ సమూహమే. రోగనిర్ధారణకు అది చక్కని పరీక్ష. చికిత్సకు గడువు దాటినదనడానికీ అదే నిదర్శనం. ఆ దశలో మొదలు తడిచేలా పోసిన కాపర్ ఆక్సీక్లోరైడ్ ఆ మొక్కను బతికించలేదు. పొరుగు మొక్కల సంగతి వేరు.

ఐడియోనెల్లా అనే బాక్టీరియా నుండి వేరుచేసిన ఒక ఎంజైము ఈ సంకేతాన్ని ఛేదించి, ప్రయోగశాలలో జిగురు ఉత్పత్తిని తగ్గించింది. ఆశాజనకమే, అయితే క్షేత్ర పరీక్షలు లేకుండా దానిని మందుగా ప్రచారం చేయడం తొందరపాటు. అంతవరకు తట్టుకొనే రకాలు, నిరోధక వంగ వేరుమూలంపై అంటుగట్టిన టమాట నారు, వడలిన మొక్కను వేర్లతో సహా తొలగించడం కరపత్రంలో ముందు వరుసలో ఉండాలి. మందు పేరు చివర రావాలి.