ఒకే అచ్చు

మా కళాశాల వెబ్‌సైటులో 20 పేజీలు. ప్రతి పేజీ అడుగునా ఆఫీసు ఫోను నంబరు. నంబరు మారినప్పుడు 19 పేజీలు దిద్దాను, ఒకటి మరిచాను. ఆ పాత నంబరుకే చేసి చేసి, ఓ తండ్రి తన కూతురి దరఖాస్తు గడువు పోగొట్టుకున్నాడు.

“శుభలేఖలో విఘ్నేశ్వరుడూ, అంచులూ అచ్చులోనివే, పేర్లే కదా మాస్టారూ మారేవి!” అన్నాడు నా పూర్వ విద్యార్థి. ‘జింజా’ అనే సాధనంతో మూల పేజీ ఒకటి కట్టాడు. జపాను భాషలో జింజా అంటే దేవాలయం. టెంపులుకూ టెంప్లేటుకూ ప్రాస కుదిరిందని ఆ పేరు! తక్కిన పేజీలు ‘ఎక్స్‌టెండ్స్’ అన్న ఒక్క వరుసతో మూల పేజీని తెచ్చుకుని, తమ సంగతి ‘బ్లాక్’లో చెప్పుకుంటాయి. నంబరు ఒక్కచోటే.

ఇక తప్పు పడితే అన్ని పేజీలలోనూ పడుతుంది; వెంటనే కనబడుతుంది. దాగిన తప్పే దగా చేసింది. కాని, ఆ అమ్మాయి పోగొట్టుకున్న సంవత్సరాన్ని ఏ అచ్చులో దిద్దనండీ?