అబ్బా ఛత్రీ ఎన్ని గ్రాములు?

హజ్‌కి వెళ్లేవాళ్ల ఇంట్లో ఛత్రీ మాటెత్తితే చాలు, ఎవరో ఒక చాచా అందుకుంటాడు: "అల్లా ఇంటికి పోతూ ఎండకి భయపడతారా? తకలీఫ్ ఎంతుంటే సవాబ్ అంత!" మా జీడిమెట్ల గల్లీల్లో ఏటా వినే మాటే. కూలర్ ముందు కూర్చుని అరవై అయిదేళ్ల మనిషికి నేర్పే సబర్ ఇది.

నడిచే వెళ్తానని మన్నత్ మొక్కుకుని, ఇద్దరు కొడుకుల ఆసరాతో ఈడ్చుకుంటూ పోతున్న ముసలాయన్ని చూసి హుజూర్ (స) ఏం చెప్పారు? ఇతను తన్ను తాను హింసించుకోవడం అల్లాకి అక్కర్లేదన్నారు, సవారీ ఎక్కమన్నారు. బుఖారీలో ఉంది. ఆఖరి హజ్‌లో హుజూర్ (స) జమరా దగ్గర రాళ్లు వేస్తుంటే, బిలాల్, ఉసామాల్లో (ర) ఒకరు ఒంటె పగ్గం పట్టుకున్నారు, ఒకరు ఎండ తగలకుండా బట్ట ఎత్తి పట్టారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. ఇహ్రాంలో మగవాళ్లు టోపీ, రుమాల్ పెట్టకూడదు గానీ తలకి తగలని ఛత్రీ జాయజ్ అనే ఉలమా చెప్తారు.

2024 హజ్‌లో మక్కాలో 51.8 డిగ్రీల ఎండ. 1,301 మంది చనిపోయారని సౌదీ సర్కారే చెప్పింది. ఎక్కువమంది పర్మిట్ లేకుండా వెళ్లి, నీడ లేని చోట దూరాలు నడిచినవాళ్లు. పర్మిట్ ఉన్నవాళ్లకీ మీనాలో నడక తప్పదు. పైగా 11, 12 తారీఖుల్లో రమీకి వక్త్ జవాల్ తర్వాతే మొదలు.

ఇక ఇళ్లలో మనం చేసేదేంటి? దావత్‌కి, సూట్‌కేసులకి వేలు పోస్తాం. ఛత్రీ మాత్రం అల్మారా మీద దొరికిన నల్లది, ఇనుప కర్రది, అరకిలో బరువుది! కొండలెక్కేవాళ్లు వాడేవి రెండొందలు, రెండొందల యాభై గ్రాముల్లో దొరుకుతాయి. ఫైబర్‌గ్లాస్ పుల్లలు, పైన ఎండని వెనక్కి కొట్టే వెండి రంగు పూత, లోపల ముదురు రంగు. బటన్ నొక్కితే తెరుచుకునేది వద్దు, ఆ స్ప్రింగు దండగ బరువు. మూడు మడతలది బ్యాగులో ఇముడుతుంది, నిజమే, కానీ కీళ్లెక్కువ, గాలికి తిరగబడుతుంది. పుల్లల కొనలకి బొడిపెలున్నాయో లేదో తడిమి చూడండి. గుంపులో పక్క హాజీ కన్ను కూడా అమానతే. జమరాత్ దగ్గర మాత్రం మూసెయ్యమని అబ్బాకి ముందే చెప్పండి.

కొన్నాక ముందు మీరే పట్టుకుని, ఒక జొహర్ తర్వాత షాపూర్‌నగర్ నుంచి చింతల్ దాకా నడవండి. దారిలో నాలుగుసార్లు చెయ్యి మార్చారంటే ఆ ఛత్రీ ఇంట్లో ఉంచుకోండి, అబ్బాకి వేరేది కొనండి.