అవ్వ ఇంటికే రావాలి ఆ నాలుగు వేలు

మా కదిరి పక్క పల్లెల్లో తల్లీ తండ్రీ పోయిన పిల్లలు ఎక్కడుండాలో దినాల రోజే తేలిపోతుంది. భోజనాలయ్యాక పెద్దమనుషులు కూర్చుంటారు. ‘హాస్టల్లో ఏస్తే సరి, కూడూ దొరుకుతాది, సదువూ వస్తాది’ అంటారు. పిల్లల మీద ప్రేమ లేక అనే మాట కాదది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని నేల మాది. శెనక్కాయ ఎండితే బెంగుళూరు బస్సెక్కడమే. ఇంకో ఇద్దరికి కూడు పెట్టాలంటే ఏ చిన్నాయనకైనా గుండె జారుతుంది.

అయినా ఆ మాటకు నేను ఒప్పుకోను. బడిపంతులుగా చేసి రిటైరయ్యాను, హాస్టళ్ల పుణ్యాన విడిపోయిన అక్కాతమ్ముళ్లను చూశాను. కస్తూర్బా విద్యాలయం ఆడపిల్లలకే. అక్క ఆరో తరగతిలో అక్కడ చేరితే, మూడో తరగతి తమ్ముడికి ఇంకెక్కడో చోటు వెతకాలి. అమ్మనూ నాయననూ పోగొట్టుకున్న పిల్లకు మిగిలిన ఒక్క తోడూ దసరా సెలవులకు కనబడే చుట్టమైపోతాడు. అక్కడి టీచర్లు ఎంత మంచివాళ్లైనా ఈ లోటు వాళ్ల చేతిలో లేదు.

నా దగ్గర చదివిన ఒక పిల్ల విషయంలో వాళ్ల అవ్వ అడ్డం తిరిగింది. ‘రెక్కలాడినన్నాళ్లూ నేనే సాకుతా సార్, ఇద్దర్నీ ఇడదీయొద్దు’ అంది. ఆమెకు వచ్చేది నెలకు 4,000 రూపాయల పింఛను, పనులున్నప్పుడు ఉపాధి కూలి. పిల్లవాడికి జ్వరమొచ్చిన నెల అప్పు చేయాల్సిందే.

ఇలాంటి పిల్లలు బంధువుల ఇంట్లోనే పెరిగేందుకు ‘మిషన్ వాత్సల్య’ కింద నెలకు 4,000 ఇచ్చే ఏర్పాటుంది. పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు. పిల్లల్ని సంస్థల్లో ఉంచడం చివరి దారి కావాలని 2015 నాటి బాలల న్యాయ చట్టమే చెబుతోంది. కానీ ఆ పిల్ల నాయన పోయింది బెంగుళూరులో, బిల్డింగు పనిలో. మరణ పత్రం అక్కడి నుంచే రావాలి. అమ్మ చావును ఎవరూ నమోదు చేయించలేదు, ఏడాది దాటింది కాబట్టి మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆదాయ పత్రం, స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా సరేసరి. సంతకం రాని ముసలమ్మ ఈ కాగితాలన్నీ ఎక్కడ తెస్తుంది? అదే ఆమె పింఛనైతే ఒకటో తారీకున సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి చేతిలో పెట్టి పోతాడు. ముసలితనానికి చూపిన ఆ మర్యాద పసితనానికీ చూపమంటున్నాను.

ఇంటి దగ్గరే పిల్లను నిలబెట్టే పద్ధతి మా అనంతపురం ప్రాంతానికి కొత్త కాదు. 1969లో ఇక్కడికొచ్చిన విన్సెంట్ ఫెర్రర్, స్పెయిన్ దాతలు పిల్లల పేరున పంపిన డబ్బుతో పల్లెల్లో చదువూ వైద్యమూ ఇళ్లూ చూశారు. పిల్ల తన ఊళ్లోనే ఉండి, ఆ దాతకు ఉత్తరం రాసేది, బొమ్మ గీసి పంపేది. ఆయన పెట్టిన ఆర్డీటీ సంస్థ కట్టించిన ఇళ్లు ఆడవాళ్ల పేరు మీదే ఉన్నాయి. ఆ సంస్థదే అయిన బత్తలపల్లి ఆస్పత్రిలో ఎయిడ్స్‌కు మందులు తీసుకుని నిలదొక్కుకున్న తల్లుల పిల్లలకు అసలు ఈ హాస్టల్ మాటే రాలేదు.

ఎయిడ్స్ ఊళ్లకు ఊళ్లను దెబ్బతీసిన ఆఫ్రికాలోనూ పిల్లల్ని ఎక్కువగా సాకింది అవ్వలూ పిన్నమ్మలే. దక్షిణాఫ్రికా 2022 నుంచి బంధువుల దగ్గర పెరిగే అనాథలకు మామూలు బాలల భృతి మీద అదనంగా ఇస్తోంది. 1994 మారణహోమం తర్వాత అనాథాశ్రమాలతో నిండిపోయిన రువాండా, 2012లో వాటిని మూసి పిల్లల్ని కుటుంబాల్లోకి చేర్చాలని నిర్ణయించింది. మనకంటే పేద దేశమది.

ఎవరూ లేని పిల్లకు, ఇంట్లోనే దెబ్బలు తినే పిల్లకు హాస్టల్ కావాలి, అది మంచిగానే ఉండాలి. అవ్వో మేనమామో ఉన్నచోట మాత్రం, చావు కబురు అందిన వారంలోపే సచివాలయం వెల్ఫేర్ అసిస్టెంటు ఆ ఇంటికి వెళ్లి, దరఖాస్తు తానే నింపాలి. బెంగుళూరు నుంచి మరణ పత్రం తెప్పించే పని జిల్లా బాలల సంరక్షణ విభాగం నెత్తిన వేసుకోవాలి. డబ్బు పింఛనుతో పాటే ఒకటో తారీకున రావాలి. ఈలోపు మీ ఊళ్లో ఇలాంటి పిల్లలుంటే, దినాల దాకా ఆగకుండా బాలల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయండి, అవ్వకు తోడుగా ఆఫీసుకు మీరూ వెళ్లండి.