పండ్రెండు వారముల వర్తకము

ఇంగ్లండు దేశపు వాయవ్య తీరమున, లంకాషైరు మండలమున, బ్లాక్‌పూల్ అను పట్టణము కలదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఆ పట్టణమున యాత్రికులకు గదులు అద్దెకిచ్చు గృహిణులను పరిహసించుట ఆ దేశమున నొక వాడుకయై యుండెను. భోజనపు బల్లమీది యుప్పు, మిరియపుపొడి, వెనిగరు సీసాల వాడుకకు సైతము వారు వేఱుగ రుసుము వేయుదురనియు, వేణ్ణీళ్లకు మఱియొక పద్దు వ్రాయుదురనియు హాస్యగాండ్రు చెప్పి జనులను నవ్వించెడివారు. పరిహాసపు బొమ్మలు ముద్రించిన కార్డులు అంగళ్ల ముందు వ్రేలాడుచుండెడివి. ఆ గృహిణి చేసినది లోభము కాదనియు, తప్పనిసరియైన లెక్కయనియు మా యభిప్రాయము. అది యేలనో తెలియవలెనన్న ఆ పట్టణపు బ్రతుకుతెరువు ఎట్టిదో ముందుగా చెప్పవలసియున్నది.

లంకాషైరు ఆ కాలమున నూలు మిల్లుల సీమ. అచ్చటి యొక్కొక్క మిల్లుపట్టణము వేసవిలో ఒక వారము పనిమానుట యాచారమై యుండెను. పూర్వము చర్చి యుత్సవముగా నుండి, పిమ్మట మిల్లులన్నియు ఒక్కసారిగ మూతవేయు వారముగా మాఱిన యీ సెలవును వేక్స్ అందురు. ఓల్డ్‌హాము, బోల్టను, బర్న్‌లీ మొదలగు పట్టణములు వేర్వేఱు వారములలో మూతవేయుచుండుటచే, ఒక యూరి జనము బండి యెక్కునప్పటికి మఱియొక యూరి జనము బండి దిగుచుండెడిది. ఆ సెలవునకు జీతము లేదు. జీతముతోడి సెలవులను గూర్చిన చట్టము 1938 వఱకు రాలేదు. కావున కార్మికులు సంవత్సరము పొడుగునను వారమునకు కొన్ని పెన్నీల చొప్పున పొదుపు సంఘములలో వేసికొని, కూడిన సొమ్మంతయు ఒక్క వారములో సముద్రపుటొడ్డున వెచ్చించెడివారు.

ఆ పెన్నీలలో మన దేశపు సొమ్మును కొంత కలదు. 1913లో బ్రిటను ఎగుమతి చేసిన నూలువస్త్రము ఏడువందల కోట్ల గజముల పైమాట. అందు ఇంచుమించు అయిదింట రెండు పాళ్లు హిందూదేశమునకే వచ్చెను. మచిలీపట్టణపు అద్దకపు బట్టలను ఒకప్పుడు మక్కువతో కొన్న దేశమే పిమ్మట తన మరగుడ్డలను మన సంతలలో దింపి మన మగ్గములకు చేసిన కీడు మా చదువరు లెఱిగినదే. అందువలన ఈ పట్టణపు కథ మనకు బొత్తిగా పరాయిది కాదు. ఐనను ఆ మిల్లుల పాపమును బ్లాక్‌పూల్ ఇసుకమీద ఐసుక్రీము బండి త్రోయువానిపై మోపుట మాత్రము న్యాయము గాదు. వానికి చేరినది కూలివాని చేతినుండి జాఱిన చిల్లర.

ఇక లెక్క. ఆ చిల్లర రాలు కాలము జూను చివర మొదలై సెప్టెంబరులో ముగియును. గట్టిగా లెక్కించిన పండ్రెండు వారములు. ఇంటి యద్దె, పన్ను, బొగ్గు ఖర్చు, పిల్లల కూడు గుడ్డలు ఏబది రెండు వారములకును కావలెను. ఏబది రెండు వారముల ఖర్చును పండ్రెండు వారములలో రాబట్టవలెనన్న, వారమునకు అగుదాని కంటె నాలుగింతలకు పైగా ఆ కాలమున రాబట్టవలెను. ఇది మన చిన్న తరగతుల బాలురు సైతము పలకమీద చేయగల లెక్క. వానలు కురిసి రెండు వారములు జనము రాకపోయిన ఆ యేటి బ్రతుకులో ఆఱవ వంతు పోయినట్లే.

ఆ గృహిణి అమ్మినదేమియో చూడుడు. ఆ కాలమున పేదజనపు బసలలో హెచ్చుగా నుండిన పద్ధతిలో యాత్రికులు గదికి మాత్రమే అద్దె నిచ్చెడివారు. మాంసము, బంగాళాదుంపలు, తేయాకు ఎవరివి వారు కొని తెచ్చి ఆమె చేతి కిచ్చెడివారు. ఆమె వండి పెట్టెడిది. ఒక యింట నాలుగైదు కుటుంబము లున్న నాలుగైదు విధముల వంట ఒకే పొయ్యిమీద సాగవలెను. ఒకరి దుంప మఱియొకరి గిన్నెలో పడరాదు. వంటకును, వడ్డనకును, అంట్లకును వేఱు కూలి లేదు. అదంతయు గదియద్దెలోనే అణగియుండెను. గది యద్దె పెంచినచో ప్రక్కయింటివారు అతిథిని లాగికొందురు. కాబట్టి ఉప్పు, వెనిగరుల పద్దు మీదనే ఆమె కొంత కూర్చుకొనవలసి వచ్చెను. మంచి గదులన్నియు యాత్రికులకు విడిచి ఆమె కుటుంబము వంటయింటను, అటుకమీదను పండుకొనెడిది. భర్త వేఱుపనికి పోయెడివాడు. కూతుండ్రు పళ్లెములు మోసెడివారు. ఆ గృహిణులలో అనేకులు తాము సైతము మిల్లుపట్టణములనుండి వచ్చినవారే. తమ యూరివారికే బస యిచ్చి, ఏటేట అవే ముఖములను చూచి, మఱుసటి యేటికి గది యుంచుమను మాట నిచ్చిపుచ్చుకొనుచుండిరి.

ఇట్టి చిన్న వ్యాపారము ఆ పట్టణముననే యంత దట్టముగ నేల పెరిగినది? జనుల స్వభావమునకంటె నేల పంపకమే యిందులకు ముఖ్య కారణమని మాకు తోచుచున్నది. దక్షిణ తీరమున ఈస్ట్‌బర్న్ పట్టణమును డెవన్‌షైరు ప్రభువు తన భూమిలో తన యిచ్చవచ్చినట్లు కట్టించెను; అచ్చట ఏ వీథిలో అంగడి యుండవలెనో, యే వీథిలో నుండరాదో ఆయన మాటయే చట్టము. బ్లాక్‌పూల్ నడిబొడ్డున నేల అనేకుల చేతులలో చిన్నచిన్న తునకలై యుండెను. తునక గలవాడు తనకు తోచినది కట్టెను, ఎదుటివాడు మఱియొకటి కట్టెను. ఫలితము కంటికి అందము కాలేదు. అది మేము నొప్పుకొందుము. కాని చేతిలో కొద్ది డబ్బు గలవానికి తలదూర్చ తావు దొరకెను. 1894లో లేచిన 518 అడుగుల గోపురమును చూచి ఆ పట్టణమును మెచ్చుకొనుట లోకరీతి. గోపురమునకు వచ్చినవాడు రాత్రి ఎచ్చట పండుకొనెనో అడుగువారు తక్కువ.

ఐనను ఆ చిన్నవారికి తావు ఎల్లప్పుడును నిశ్చింతగ దొరకలేదు. 1897లో పట్టణపాలక సంఘమువారు ఇసుకమీది వర్తకులను తొలగింప పూనుకొనిరి. ఆ యిసుకమీద అప్పుడు లేనిది లేదు. గాడిదలు, ఒంటెలు సైతము (లంకాషైరు వానలో ఒంటె యేమనుకొనెనో!), చేతిబొమ్మలతో పంచ్ అను ఆట ఆడించువారు, ఆల్చిప్పల మాంసము అమ్మువారు, అల్లపు పానీయమువారు, చేయి చూచువారు, తల పుణికి గుణములు చెప్పువారు, సర్వరోగములకు ఒకే మందిచ్చు వైద్యులు, దొంగవేలపు పాటగాండ్రు, చౌకసరకును కేకలువేసి యమ్మువారు. జనులు గోలచేయగా సంఘమువారు కొంత వెనుకకు తగ్గి, ఆటలవారిని, తినుబండారములవారిని ఉండనిచ్చి, మిగిలినవారిని వెడలగొట్టిరి. వెడలినవారు దూరము పోలేదు. సముద్రపు బాట కెదురుగా నున్న యిండ్ల ముంగిళ్లను అద్దెకు తీసికొని అచ్చటనే గుడారములు వేసిరి. బంగారు మైలు అను పేర పిమ్మట ప్రసిద్ధికెక్కిన అంగళ్ల వరుస ఇట్లు పుట్టినదే.

దొంగవేలమును, దొంగమందును ఇసుకనుండి తుడిచివేయుట తగిన పనియే. అందు మాకు సందేహము లేదు. కాని వారితోపాటు చౌకసరకు అమ్మువాడేల పోవలెను? వాని నేరము కేక మాత్రమే. ఇంతకును ఆ చట్టమువలన మోసము తగ్గెనా? తగ్గలేదు, కొన్ని గజములు జరిగెను. పూర్వము ఇసుకమీద నిలిచిన బీదవాడు ఇప్పుడు ముంగిలి గలవానికి అద్దె చెల్లింపవలసి వచ్చెను, ఆ యద్దె మరల యాత్రికునిపై పడెను. వర్తకుని తూనికనుబట్టి యెంచక వేషమునుబట్టి యెంచినయెడల ఫలితము ఇట్లే యుండును.

పనితనమున ఈ చిన్నవారు తక్కువవారు కారనుటకు రాక్ అను చక్కెరకడ్డీ యొక్కటి చాలును. మన తిరునాళ్లలో జీళ్లు చేయువారు బెల్లపు పాకమును మేకునకు తగిలించి లాగి లాగి తెల్లబఱచుట మనము చూచినదే. అచ్చటివారును చక్కెర పాకములో కొంత అట్లే లాగి తెల్లచేయుదురు. కొంతకు ఎఱ్ఱరంగు వేయుదురు. పిమ్మట ఆ రంగుపాకపు పట్టీలను, తెల్లపాకపు పట్టీలను ప్రక్కప్రక్కల పేర్చి పట్టణపు పేరులోని యొక్కొక్క యక్షరమును కట్టుదురు. మూలలు గల యక్షరములు ముందు, సున్నవంటి గుండ్రని యక్షరములు చివర. ఏలయన వెచ్చని పాకములో గుండ్రనిది త్వరగా అణగి రూపు చెడును. అక్షరముల నన్నిటిని వలయముగ చేర్చి, నడుమ తెల్లపాకము నింపి, పైన రంగు తొడుగు చుట్టగా తొడకంటె లావైన దిమ్మ యగును. దానిని దొర్లించుచు, కొసనుండి లాగుచు, వ్రేలెడు లావు కడ్డీగా సాగదీయుదురు. అంత సాగినను లోపలి పేరు చెదరదు. కడ్డీని ఎక్కడ విఱిచినను పట్టణపు పేరే కనబడును. పాకము చల్లారి బిగియకముందే యీ పనియంతయు ముగియవలెను. పెన్నీ వస్తువని చులకన చేయువారు ఒక్క యక్షరమును కట్టి చూడవచ్చును.

ఇట్టివారికి విడివిడిగ ప్రకటనలు వేసికొను శక్తి లేదు. ఆ కొఱతను 1879 నాటి ప్రత్యేక చట్టము తీర్చెను. పన్నువిలువలో పౌను ఒక్కింటికి రెండు పెన్నీల వఱకు వసూలుచేసి, ఆ సొమ్మును బ్యాండు మేళములకును పట్టణపు ప్రకటనలకును వెచ్చించు నధికారము పాలక సంఘమునకు దానివలన వచ్చెను. రైల్వేస్టేషనుల గోడలమీద రంగుల ప్రకటనలు వెలసెను. గొప్ప హోటలును, రెండు గదుల బసయును ఆ ఖర్చులో పాలుపంచుకొనెను. 1912 మే నెలలో రాజకుమారి లూయీజ్ రాకకై సముద్రపు బాటపొడుగున సుమారు పదివేల విద్యుద్దీపములు వెలిగింపగా, వర్తకులు పట్టుబట్టి సెప్టెంబరులో మరల వెలిగింపజేసిరి. చూచువారికి అది దీపోత్సవము. బస యిచ్చు గృహిణికి పదుమూడవ వారము. 1914లో యుద్ధము వచ్చి ఆ దీపముల నార్పెను. అవి మరల వెలుగుటకు 1925 వఱకు పట్టెను.

ఆ వర్తకులందఱు సాధువులని మేము చెప్పబోము. ఒక మంచముమీద ముగ్గురను, నలుగురను ఇఱికించినవారు కలరు. ఆ కాలమునకై తెచ్చుకొన్న పనిపిల్లలను తెల్లవాఱకముందు లేపి అర్ధరాత్రి వఱకు త్రిప్పినవారును కలరు. అంగళ్లలోని పనివారికి వారమున కొక పూట సెలవు విధించిన 1912 నాటి చట్టము సైతము ఇట్టి తీరపట్టణములకు యాత్రికుల కాలమున సడలింపునకు వీలొసగెను. ఆ సడలింపు భారము పనిపిల్లల కాళ్లమీద పడినది. 1942లో ఇసుకమీది గాడిదలకు పనివేళలును, మధ్యాహ్న విశ్రాంతియు, శుక్రవారపు సెలవును నియమములుగా ఏర్పడెను. వానికి సెలవు వచ్చినందులకు మాకు సంతోషమే. గృహిణికి అట్టి నియమము నెవ్వరును వ్రాయలేదు.

ఆమె యెంతమందియో చెప్పవలసిన లెక్కలును సరిగా చెప్పవు. ఆ దేశపు జనాభా లెక్కలు 1901లో మార్చి 31న, 1911లో ఏప్రిలు 2న తీసిరి. రెండును యాత్రికులు లేని దినములు. గదులు ఖాళీ, పొయ్యి చల్లన. లెక్కల పత్రమున ఇంటి యజమానియని భర్త పేరు, అతని పని వ్రాయబడెడివి. జూను వచ్చునప్పటికి ఇల్లంతటిని తన చేతులమీద నడపు నామె యెదుట, వృత్తి యను గడిలో, అనేక పత్రములయందు ఏమియు వ్రాయబడలేదు.