నూటికి ఎందరి ఒడిలో బిడ్డ?



పెళ్లయి రెండేళ్లు దాటినా నెల తప్పని కోడలిని మన పల్లెల్లో ఎలా చూస్తారో నేను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. శ్రీమంతానికి పిలవరు. పిలిచినా వెనుక వరుసలో కూర్చోబెడతారు. ఆదివారం మందిరం గుమ్మంలోనే "ఇంకా విశేషం ఏమీ లేదా అమ్మా?" అని అడిగే పెద్దమ్మలు ప్రతి సంఘములోను ఉన్నారు. ఈ బాధలో ఉన్న దంపతులు ఇప్పుడు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, గుంటూరులో ఒక సెంటరు వాళ్లు నూటికి డెబ్బై మందికి సక్సెస్ అంటున్నారు. పొలం తాకట్టు పెట్టి వెళ్లమంటారా?"

వెళ్లాలో వద్దో దంపతులిద్దరే నిర్ణయించుకోవాలి. అయితే ఆ డెబ్బై అనే అంకె దేని మీద వేసిన లెక్కో తెలియకుండా పొలం కాగితాలు ఎవరి చేతిలోనూ పెట్టవద్దు.

ముందుగా ఒక అపోహ తీరాలి. టెస్ట్ ట్యూబ్ బేబీ అంటే గాజు గొట్టంలో పెరిగిన బిడ్డ కాదు. పది పన్నెండు రోజులు ఇంజక్షన్లు ఇచ్చి భార్య అండాలను పక్వానికి తెస్తారు. వాటిని సూదితో బయటకు తీసి, ప్రయోగశాలలో భర్త వీర్యకణాలతో కలుపుతారు. ఏర్పడిన పిండాన్ని మూడు నుండి అయిదు రోజులలో గర్భసంచిలో ఉంచుతారు. తరువాత తొమ్మిది నెలలూ తల్లి మోయవలసిందే. ఈ విధంగా మొదటి బిడ్డ 1978 జులై 25న ఇంగ్లాండులో పుట్టింది. అదే ఏడాది అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషి వలన మన దేశంలోనూ ఒక ఆడబిడ్డ పుట్టింది. ఆయన మాట అప్పటి అధికారులు నమ్మలేదు. ఆ అవమానం భరించలేక 1981లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. గుర్తింపు వచ్చింది ఆయన పోయాకే.

ఇక అంకె సంగతి. మిరప విత్తనం పాకెట్టు మీద మొలక శాతం అచ్చువేసి ఉంటుంది. ఆ శాతం చూసి గుంటూరు యార్డుకు ఇన్ని టిక్కీలు తోలతానని లెక్క వేసుకునే రైతు మన పల్నాడులో ఎవరైనా ఉన్నాడా? మొలిచినదంతా నిలవదు, నిలిచినదంతా కాయదు, కాసినదంతా కల్లానికి రాదు. సంతాన చికిత్సలోనూ అంతే. లెక్క కోసం నూరు జంటలు ఇంజక్షన్లు మొదలుపెట్టాయనుకుందాం. కొందరికి అండాలు సరిగా రావు, కొందరికి పిండమే ఏర్పడదు. ఎనభై మందికి పిండం ఉంచారు. రెండు వారాలకు చేసే రక్తపరీక్షలో నలభై మందికి గర్భం నిలిచినట్టు వచ్చింది. స్కానింగులో బిడ్డ గుండె చప్పుడు కనిపించింది ముప్ఫై రెండు మందికి. కొన్ని గర్భాలు నిలవక, చివరకు బిడ్డను ఇంటికి తెచ్చుకున్నది ఇరవై ఆరు మంది.

ఇప్పుడు ఆ కేంద్రం బోర్డు మీద ఏమి రాయవచ్చు? ఎనభై మందిలో నలభై మందికి పరీక్ష పాజిటివ్ వచ్చింది గనుక "50 శాతం సక్సెస్" అని రాయవచ్చు. అది అబద్ధం కాదు. ముప్ఫై ఏళ్ల లోపు వారిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే అంకె ఇంకా పెరుగుతుంది. కాని మందులు మొదలుపెట్టిన నూరు జంటలలో బిడ్డతో ఇంటికి వెళ్లినది ఇరవై ఆరే. పొలం తాకట్టు పెట్టేవారికి కావలసిన అంకె ఇదొక్కటే. కనుక డాక్టరుగారిని అడగవలసిన తీరు ఇది: "అయ్యా, మా ఆవిడ వయసున్న స్త్రీలు, సొంత అండాలతో, గత ఏడాది మీ దగ్గర ఎందరు చికిత్స మొదలుపెట్టారు? అందులో ఎందరికి బిడ్డ పుట్టి బ్రతికింది?" పేర్లు అడగడం లేదు, అంకెలే అడుగుతున్నాం. జవాబు చెప్పకుండా గోడ మీది పసిబిడ్డల ఫోటోలు చూపిస్తే, ఇంకొక చోట కూడా కనుక్కోవడం మంచిది.

వయసు అని ఎందుకు అన్నానంటే, ఈ విషయంలో అన్నిటికన్నా బలమైనది అదే. ఇంగ్లాండులో 1991 నుండి ఈ కేంద్రాలను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ ఒకటుంది. అక్కడి 2019 లెక్కల ప్రకారం, సొంత అండాలతో చికిత్స పొందిన 35 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచిలో ఉంచిన ప్రతి నూరు పిండాలకు 32 కాన్పులు జరిగాయి. 43 దాటిన వారిలో అయిదు కూడా లేవు. అంత ఏర్పాటున్న దేశంలోనే అది పరిస్థితి.

"మరి గుంటూరులో డెబ్బై దాటిన ఆమెకు కవలలు పుట్టారు కదా" అని మీరు అనవచ్చు. నిజమే. 2019 సెప్టెంబరు 5న గుంటూరు అహల్య ఆసుపత్రిలో తూర్పు గోదావరి జిల్లాకు చెందిన ఒక వృద్ధురాలికి సిజేరియన్ ద్వారా ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ప్రపంచమంతా ఆ వార్త చెప్పుకొంది. కాని ఆ పిల్లలకు మూలమైన అండం ఆమెది కాదు, దాత ఇచ్చినది. అండం వయసు బట్టి ఫలితం ఉంటుంది గాని గర్భసంచి వయసు బట్టి అంతగా ఉండదు. దాత అండాలతో వచ్చిన ఫలితాలను కలిపేసి చెబితే ఏ కేంద్రం లెక్కయినా మెరుగ్గానే కనిపిస్తుంది. ఇక అటువంటి వయసులో చికిత్సకు ఇప్పుడు చట్టం ఒప్పుకోదు. 2022 జనవరి నుండి అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం స్త్రీకి 50, పురుషునికి 55 సంవత్సరాలు నిండకూడదు.

ఇంకొక లెక్కలో కూడా మనవాళ్లు పొరబడుతున్నారు. "ఒకసారికి నూటికి ముప్ఫై అంటే, మూడుసార్ల ప్యాకేజీకి తొంభై" అనుకుంటారు. వడ్డీ లెక్కలా ఇది కూడిక కాదు. మొదటిసారి డెబ్బై మంది మిగులుతారు. రెండవసారి ఆ డెబ్బైలో ఇరవై ఒక్కరికి ఫలిస్తే నలభై తొమ్మిది మంది మిగులుతారు. మూడవసారి అందులో దాదాపు పదిహేను మందికి. మొత్తం అరవై ఆరు. ముప్ఫై నాలుగు జంటలు మూడుసార్లూ డబ్బు పోసి, ఇంజక్షన్లు పొడిపించుకొని ఉట్టి చేతులతోనే తిరిగివస్తాయి. ప్రతిసారీ అవకాశం తగ్గకుండా ఉంటేనే ఈ మాత్రమైనా.

అసలు అంతదూరం వెళ్లేముందు ఇంటి దగ్గర తేలవలసిన పని ఒకటుంది. సహోదరులు కోపగించుకోవద్దు. దాదాపు సగం జంటలలో భర్త వైపు కూడా కారణం ఉంటుంది. వీర్య పరీక్షకు కొన్ని వందల రూపాయలు చాలు, బాధ లేదు. అయినా మన ఊళ్లలో జరిగేదేమిటి? కోడలికి నాలుగేళ్లు ఆకు పసర్లు, తాయెత్తులు, ఊరి ఆర్.ఎం.పి. ఇచ్చే మాత్రలు. కొడుక్కి ఒక్క పరీక్ష లేదు. నాకు తెలిసిన ఒక కుటుంబంలో రెండవ పెళ్లి మాట వరకు వెళ్లిన తరువాత పరీక్ష చేయిస్తే లోపం అతనిదే అని తేలింది. ఆ నాలుగేళ్లలో ఆ అమ్మాయి విన్న మాటలు ఎవరు వెనక్కి తీసుకుంటారు? కలిసి కాపురం చేస్తూ ఏడాది గడిచినా గర్భం రాకపోతే, భార్యకు 35 దాటి ఉంటే ఆరు నెలలకే, ఇద్దరూ కలిసి పరీక్షకు వెళ్లాలి. స్త్రీలలో థైరాయిడ్, నీటి బుడగలు, గర్భనాళాలు మూసుకుపోవడం వంటివి చూస్తారు. మన దేశంలో నాళాలు మూసుకుపోవడానికి కడుపులో దాగిన క్షయ కూడా ఒక కారణమని మరువరాదు. చాలామందికి మందులతోనో చిన్న చికిత్సతోనో సరిపోతుంది. ఈ పరీక్షలేవీ చూడకుండా మొదటి రోజే ఐ.వి.ఎఫ్. అన్నవారి దగ్గర అడ్వాన్సు కట్టకండి.

కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసినది రిజిస్ట్రేషన్. చట్టం ప్రకారం ప్రతి కేంద్రమూ నమోదై, ఆ సర్టిఫికెట్టును అందరికీ కనిపించేలా పెట్టాలి. దాని గడువు అయిదేళ్లు. తేదీ చదవండి. ఇది చిన్న విషయం కాదు. 2025 జులైలో సికింద్రాబాదులోని సృష్టి సెంటరు మీద పోలీసులు కేసు పెట్టి అరెస్టులు చేశారు. ఐ.వి.ఎఫ్. కోసం వెళ్లిన దంపతులను అద్దె గర్భం వైపు మళ్లించి 35 లక్షలకు పైగా తీసుకున్నారనీ, మీ బిడ్డే అని చెప్పి వేరొక పేద తల్లి బిడ్డను ఇచ్చారనీ పోలీసులు చెప్పారు. డి.ఎన్.ఏ. పరీక్ష చేయించుకుంటే గాని ఆ దంపతులకు తెలియలేదు.

విజయావకాశం ఎంత, ఖర్చు ఎంత, ప్రమాదాలు ఏమిటి అన్నవి ముందుగా వివరించి చెప్పడం ఆ కేంద్రానికి చట్టం పెట్టిన బాధ్యత. కనుక అడగడానికి మొహమాటపడవద్దు. ఒక్కో ప్రయత్నానికి లక్షన్నర నుండి రెండున్నర లక్షల దాకా అవుతుంది. చెప్పిన ధరలో ఇంజక్షన్లు కలిశాయా, మిగిలిన పిండాలను నిలువ ఉంచడానికి ఏటా ఎంత, మధ్యలో ఆపితే ఎంత తిరిగి ఇస్తారు అనేవి కాగితం మీద రాయించుకోండి. ఎన్ని పిండాలు ఉంచుతారో అడగండి. కవలలు పుడితే ఒకే ఖర్చుతో ఇద్దరని మనవాళ్లు సంతోషిస్తారు గాని, నెలలు నిండకుండా పుట్టి అద్దాల పెట్టెలో వారాల తరబడి ఉంచవలసి వస్తే ఆ బిల్లు చికిత్స ఖర్చునే మించవచ్చు, బిడ్డల ప్రాణానికీ భయమే. రాత్రివేళ కడుపు ఉబ్బి, ఆయాసం వచ్చి, మూత్రం తగ్గితే ఎవరికి ఫోను చేయాలో కూడా ముందే తెలుసుకోండి. ఆ ఇంజక్షన్ల వలన కొందరికి అలా జరుగుతుంది, ఆలస్యం చేయరాదు. మన బెల్లంకొండ నుండి గుంటూరుకు రెండు వారాలలో నాలుగైదుసార్లు తిరగాలి. కలుపు తీతలు, కోతలు లేని నెల చూసుకోవడం మంచిది. పిండం ఉంచాక నెలల తరబడి మంచం దిగకూడదన్న మాటకు ఆధారం లేదు. అత్తగార్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

విశ్వాసులు ప్రత్యేకంగా అడిగే సంగతి, మిగిలిన పిండాలను ఏమి చేస్తారు అని. ఇది మనస్సాక్షికి సంబంధించినది. ఉంచగలిగినన్ని అండాలనే ఫలదీకరణ చేయమని ముందుగానే కోరే అవకాశం ఉంది. దానివలన అవకాశం కొంత తగ్గవచ్చు. దాత అండం గాని వీర్యం గాని వాడతారేమో కూడా ఇద్దరూ తెలుసుకొని, ఇద్దరూ సంతకం చేయాలి. అండాలు అమ్మితే డబ్బిస్తామని పేద స్త్రీల దగ్గరకు ఏజెంట్లు వస్తారు. అమ్మకం నేరం. దాతగా ఇవ్వడమైనా జీవితంలో ఒక్కసారే.

ఎన్నిసార్లు ప్రయత్నిస్తారో, ఎంత అప్పు దాకా వెళ్తారో మొదటి ఇంజక్షనుకు ముందే భార్యాభర్తలు మాట్లాడుకొని రాసుకోండి. ఓడిన మరునాడు ఆ లెక్క ఎవరికీ తోచదు.

దత్తత గూర్చి కూడా ఒక మాట. క్రైస్తవులకు దత్తత చెల్లదని మన పెద్దలు అనేవారు. ఒకప్పుడు అది నిజమే. 1956 నాటి దత్తత చట్టం మనకు వర్తించదు గనుక, 1890 నాటి చట్టం కింద సంరక్షకులుగా మాత్రమే ఉండగలిగేవారు. బాలల న్యాయ చట్టం వచ్చాక, 2006 సవరణతోను 2015 చట్టంతోను మతంతో పని లేకుండా పూర్తి దత్తత హక్కు వచ్చింది. ఇప్పుడు ఉత్తర్వు ఇచ్చేది జిల్లా కలెక్టరు. నర్సరావుపేటలోని జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడిగితే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా దగ్గర ఎలా నమోదు కావాలో చెప్తారు. మధ్యవర్తుల ద్వారా బిడ్డను తెచ్చుకుంటే జైలు పాలవుతారు. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే దంపతులిద్దరి వయసులు కలిపి 85 దాటకూడదు, వరుస రావడానికి ఏళ్లు పడుతుంది. అందుచేత కొందరు దంపతులు చికిత్స జరుగుతుండగానే పేరు నమోదు చేయించుకుంటున్నారు.